గాజు మెట్లకు 12 ఎంఎం టఫెన్డ్ చాలంటున్నాడు ఫాబ్రికేటర్, నమ్మొచ్చా?

కొత్తిల్లు_కష్టాలు
విజయవాడ పక్కన డూప్లెక్స్ కడుతున్నాం. శ్లాబులు అయిపోయాయి, మెట్ల దగ్గర ఆగింది. హాల్లోంచి పైకి వెళ్ళే మెట్లు గాజువే కావాలని మా ఆవిడ పట్టు. ఫాబ్రికేటర్ని పిలిస్తే "12 ఎంఎం టఫెన్డ్ వేస్తా సార్, ఏనుగు ఎక్కినా ఏం కాదు" అన్నాడు. మెట్టు పొడవు మీటరు, కాలు పెట్టే వెడల్పు 28 సెంటీమీటర్లు. రెండు చివర్లా స్టీలు మీద ఆనుతుంది, మధ్యలో ఆధారం ఏమీ లేదు. నాన్నేమో "అద్దం మీద అడుగు పెట్టేది లేదు, నాకు కిందే మంచం వెయ్యండి" అని కూర్చున్నారు. అసలు గాజు బరువు మోస్తుందా? ఎవరైనా లెక్క కట్టి చెప్పండి. ఇద్దరి మధ్య నలిగిపోతున్నా.

సున్నం_ఇటుక
ఏనుగు ఎక్కాక ఫొటో పెట్టండి.

సైట్_సుబ్బారావు
22 ఏళ్ళుగా సైట్ల మీదే ఉన్నా. గాజు అనేది కిటికీకి, పార్టిషన్‌కి, మహా అయితే రెయిలింగ్‌కి. బరువు మోసేది కాంక్రీటు, స్టీలు, చెక్క. మీకు గాజు లుక్ కావాలంటే కింద స్టీలు ప్లేటు పెట్టి పైన గాజు పరుచుకోండి. ఇన్‌స్టాలో చూసినవన్నీ ఇంట్లో పెట్టుకోకూడదు. మీ నాన్నగారు చెప్పిందే కరెక్ట్.

బీమ్_బాబాయ్
సుబ్బారావు గారి జాగ్రత్త సరే కానీ, గాజుకు బలం లేదంటే ఒప్పుకోను. నొక్కితే గాజు మన కాంక్రీటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఓర్చుకుంటుంది. వంగకుండా నిలిచే గట్టిదనం అల్యూమినియంతో సమానం, 70 గిగాపాస్కల్స్. బరువు కూడా కాంక్రీటుకు దగ్గరే, ఘనమీటరుకు 2500 కేజీలు. దాని ఇబ్బందల్లా లాగినప్పుడు, అంటే టెన్షన్‌లో.

అద్దం కోసేవాణ్ణి ఎప్పుడైనా గమనించారా? కటర్ని కాస్త కిరసనాయిల్లో ముంచి ఒక్క గీత గీస్తాడు. లోతు వెంట్రుకంత కూడా ఉండదు. తర్వాత ఆ గీతను బల్ల అంచుకు తెచ్చి చిన్నగా వంచితే టక్కున రెండు ముక్కలు. అద్దం బలమంతా ఆ ఒక్క గీత తినేసింది. ఇంగ్లండులో గ్రిఫిత్ 1921లో అచ్చువేసిన పేపరు సారం ఇదే. గాజు అణువుల మధ్య పట్టు చాలా గట్టిది, కానీ పైపొర మీద కంటికి కనబడని పగుళ్ళు ఉంటాయి, లాగుడంతా వాటి మొన దగ్గర పోగవుతుంది. ఆయన సన్నటి గాజు పోగులు తీసి చూస్తే, పోగు సన్నబడేకొద్దీ బలం పెరుగుతూ పోయింది.

టఫెన్డ్ చేసేది ఇందుకే. గాజును 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి రెండు వైపులా గాలి కొడతారు. పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలిది ఆలస్యంగా చల్లారి ముడుచుకుంటూ పైపొరను బిగదీస్తుంది. ఎడ్లబండి చక్రానికి కమ్మరి ఇనప పట్టా ఎర్రగా కాల్చి తొడిగి నీళ్ళు పోస్తే పట్టా ముడుచుకుని చక్రాన్ని కరుచుకోదూ, ఆ పద్ధతే. కాకపోతే ఇక్కడ పట్టా లోపల ఉంది. పైపొర ఎప్పుడూ నొక్కుడులోనే ఉంటుంది కాబట్టి పగులు నోరు తెరవాలంటే ముందు ఆ నొక్కుడును దాటాలి. వంపులో ఎంత లాగుడు ఓర్చుకుంటుందో చూస్తే, మామూలు గాజుకు 45 మెగాపాస్కల్స్ లెక్క వేసుకుంటే టఫెన్డ్‌కు 120.

ఇక మీ మెట్టు. 100 కేజీల మనిషి సరిగ్గా మధ్యలో నిలబడ్డాడనుకోండి. 12 ఎంఎం ఒంటి పలకలో వచ్చే లాగుడు సుమారు 37 మెగాపాస్కల్స్. మధ్యలో 7 ఎంఎం పైగా వంగుతుంది, కాలికి ఊగినట్టు తెలుస్తుంది. కానీ ఆగుతుంది.

గోదారి_గట్టు
గాజుకు టెన్షన్ పడదన్నమాట. ఈఎంఐ కట్టే మనకు పడుతుందా ఏంటి.

కొత్తిల్లు_కష్టాలు
బాబాయ్ గారూ, 120 ఎక్కడ, 37 ఎక్కడ! అంటే ఫాబ్రికేటర్ చెప్పింది నిజమేగా?

బీమ్_బాబాయ్
ఆ మాటే వస్తుందని భయపడుతున్నా. అతను చెప్పింది నిజమే, అందుకే ప్రమాదం. లెక్క తప్పి ఉంటే మొదటి రోజే విరిగేది, మీరు మార్పించేవారు. ఇది ఆగుతుంది. రెండేళ్ళు, మూడేళ్ళు కూడా ఆగుతుంది.

స్టీలు మీద బరువు ఎక్కువైతే ముందు వంగుతుంది, సాగుతుంది, పక్కదానికి కాస్త బరువు అందిస్తుంది. తలుపు కిర్రుమన్నట్టు ముందే చెబుతుంది. కాంక్రీటులో కూడా మనం కడ్డీ వేసేది లాగుడు మోయడానికే కాదు, పగుళ్ళు కనబడి జనం బయటికి రావడానికి టైమ్ దొరకాలని కూడా. గాజుకు ఆ మర్యాద తెలియదు. విరిగే క్షణం దాకా నిక్షేపంగా ఉంటుంది. టఫెన్డ్ అయితే ఒక్క చోట పగులు లోపలికి దిగిందా, పలక మొత్తం ఒకేసారి శనగపలుకులంత ముక్కలైపోతుంది. మెట్టు ఉండాల్సిన చోట గాలి ఉంటుంది, మీ కాలు అందులో ఉంటుంది.

అందుకే గాజుతో డిజైన్ చేసేవాళ్ళు "విరగదు" అన్న చోట ఆగరు. విరిగాక ఏమవుతుంది అనే దగ్గర మొదలెడతారు. మీ మెట్టుకు మూడు 12 ఎంఎం పలకలు, మధ్యలో అంటు పొరలు వేశారనుకోండి. అంటు సాయం అస్సలు లెక్కలోకి తీసుకోకపోయినా ఒక్కో పలకకు 12 మెగాపాస్కల్సే వస్తుంది. ఒకటి పగిలినా మిగతా రెండింటికీ 19 దాటదు. పగిలిన ముక్కలు పొరకు కరుచుకునే ఉంటాయి. మీరు కిందికి దిగి, కాఫీ తాగి, ఫోన్ చేసి మార్పించుకోవచ్చు. బరువు మాత్రం మెట్టుకు 25 కేజీలు వస్తుంది, స్టీలు ఫ్రేము దానికి తగ్గట్టు ఉండాలి.

పద్మజ_పులిహోర
ఇంజనీర్లందరూ మనిషి నిలబడటమే లెక్కేస్తున్నారు. ఆ ఇంట్లో వంటిల్లు ఎక్కడుంది? పైన ఇంకో వంటిల్లు ఉంటే సిలిండర్ ఆ మెట్ల మీదుగానే పోవాలి. నిండు సిలిండర్ 30 కేజీల దాకా ఉంటుంది, డెలివరీ అబ్బాయి మెట్టు మెట్టుకీ దబ్బుమని దించుతాడు. సిలిండర్ అడుగున ఉండే ఇనప రింగు మెట్టు అంచుకు తగిలితే?

ఇంకోటి. కింద హాల్లో పదిమంది కూర్చుని ఉంటే పైన మెట్లెక్కే ఆడవాళ్ళ సంగతి ఎవరైనా ఆలోచించారా? మా ఆడపడుచు వాళ్ళింట్లో ఇలాంటివే పెట్టించి, గృహప్రవేశం మర్నాడే ప్రతి మెట్టుకీ పాలరంగు స్టిక్కర్ వేయించారు. అంత డబ్బు పోసి చివరికి చూస్తే తెల్ల ప్లాస్టిక్ మెట్లలా ఉన్నాయి.

కొత్తిల్లు_కష్టాలు
పైన చిన్న వంటిల్లు ఉంది. సిలిండర్ గురించి నిజంగానే తట్టలేదు.

అద్దాల_రవి
ఫసాడ్ కన్సల్టెన్సీలో, అంటే భవనాల ముందువైపు గాజు గోడలకు సలహాలిచ్చే చోట పని నాది. పద్మజ గారు అడిగిందే అసలు ప్రశ్న. టఫెన్డ్ పలక మధ్యలో సుత్తితో కొట్టినా చాలాసార్లు తట్టుకుంటుంది. అంచుకు చిన్న గట్టి దెబ్బ తగిలితే చాలు, పోయింది. ఆ అంచు మెట్టుకు ముందు భాగంలోనే, చెప్పుల దారిలోనే ఉంటుంది. బయటి దేశాల్లో చేసే మంచి పనుల్లో పైపలకను త్యాగానికి పెట్టిందనే అనుకుంటారు. దెబ్బలు, గీతలు, పగుళ్ళు అదే భరిస్తుంది, బరువు లెక్క కింది పలకల మీదే కడతారు.

పాలరంగు కావాలంటే స్టిక్కర్ వద్దు, అంటు పొరలోనే తెల్లది దొరుకుతుంది. జారకుండా పైన సెరామిక్ చుక్కలు కాల్చి వేస్తారు. వానాకాలం తడి కాళ్ళతో నున్నటి గాజు ఎక్కడం మాటలు కాదు.

రాత్రి_షిఫ్ట్
నా అనుభవం ఒకటి. మాదాపూర్‌లో అద్దె ఫ్లాట్, బాత్రూమ్‌లో షవర్ గ్లాస్. రాత్రి రెండింటికి బాంబు పేలినట్టు చప్పుడు. లైటేసి చూస్తే నేలంతా ముక్కలు. లోపల ఎవరూ లేరు, ఎవరూ తాకలేదు. ఓనర్ నమ్మలేదు, డిపాజిట్‌లో కోసుకున్నాడు. మా అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి గుమ్మానికి గుమ్మడికాయ కట్టమంది.

అద్దాల_రవి
గుమ్మడికాయ మంచిదే కానీ దాని పేరు నికెల్ సల్ఫైడ్. గాజు తయారీలో ఎక్కడో ఒక చిన్న రేణువు చేరుతుంది, కంటికి ఆనదు. టఫెన్ చేసేటప్పుడు వేడికి ఒక రూపంలో ఉండి, గబుక్కున చల్లార్చడంతో అలాగే చిక్కుకుపోతుంది. నెలలో, ఏళ్ళో గడిచాక నెమ్మదిగా రెండో రూపంలోకి మారుతూ ఉబ్బుతుంది. అది పలక నడుమ లాగుడు ఉన్న భాగంలో ఉంటే అంతే సంగతులు. ముక్కలు ఊడకుండా ఉంటే పగులు పుట్టిన చోట సీతాకోకచిలుక రెక్కల్లా రెండు పెద్ద ముక్కలు కనిపిస్తాయి.

మందు ఏంటంటే హీట్ సోక్. టఫెన్డ్ పలకలను మళ్ళీ ఓవెన్‌లో పెట్టి 260-290 డిగ్రీల దగ్గర ఉంచుతారు. పగిలేవి అక్కడే పగిలిపోతాయి. నూటికి నూరూ గ్యారంటీ కాదు, ప్రమాదం బాగా తగ్గుతుంది. బిల్లు మీద ఆ ముక్క రాయించుకోవాలి, నోటిమాట పనికిరాదు.

సైట్_సుబ్బారావు
చూశారా? తనంతట తనే పేలే వస్తువు మీద పిల్లల్ని ఎక్కిస్తారా? 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను విశాఖలో ఉన్నా. మా ఆఫీసు ముందు వైపు మొత్తం గాజే. ఎక్కడి నుంచో రేకు ఎగిరొచ్చి ఒక పలక పోయింది, అక్కణ్ణుంచి గాలి లోపలికి దూరి వరసగా పోయాయి. కాంక్రీటు స్తంభాలకు గీత పడలేదు. ఏది భవనమో ఏది అలంకారమో ఆ రోజే తెలిసింది.

క్యూపర్టినో_కుర్రాడు
సుబ్బారావు గారూ, మా ఆఫీసుకు కాస్త దూరంలో గాజే భవనం అయినది ఒకటుంది. యాపిల్ పార్కులో స్టీవ్ జాబ్స్ థియేటర్, 2017లో తెరిచారు. పైకప్పు కార్బన్ ఫైబర్‌ది, 155 అడుగుల వెడల్పు గుండ్రం, 80 టన్నులు. దాని కింద ఒక్క స్తంభం లేదు. 22 అడుగుల ఎత్తు గాజు గోడే చుట్టూ తిరిగి కప్పును మోస్తోంది. వైర్లు, నీళ్ళ పైపులు గాజు పలకల మధ్య సందుల్లోంచి పైకి పంపారు. భూకంపాల కాలిఫోర్నియాలో.

సైట్_సుబ్బారావు
కంపెనీ పేరు చూడండి బాబూ. వాళ్ళ దగ్గర ఉన్న డబ్బుతో అప్పడాలతో కూడా ఇల్లు కట్టొచ్చు.

బీమ్_బాబాయ్
అప్పడాల మాట బాగుంది, కానీ వాళ్ళూ ఒక్కసారిగా అక్కడికి పోలేదు. న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో యాపిల్ షాపుకు 32 అడుగుల గాజు పెట్టె 2006లో కట్టినప్పుడు 90 పలకలు పట్టాయి. 2011లో విప్పి మళ్ళీ కడితే 15 పలకలే. అతుకులు, బోల్టులు అన్నీ తగ్గిపోయాయి. బోల్టు రంధ్రం గాజుకు శత్రువు, లాగుడు అక్కడే గుమికూడుతుంది. 2014 చలికాలంలో మంచు తోసే మెషీన్ తగిలి ఒక పలక మొత్తం పగుళ్ళు తీసింది. పెట్టె మాత్రం కూలలేదు, ఆ పలక కూడా చోటు కదలకుండా నిలబడే ఉంది. నేను ముందు చెప్పింది ఇదే.

గోదారి_గట్టు
కైలాసగిరి గాజు వంతెన సంగతేంటి మరి? 55 మీటర్లు బయటికి పొడుచుకొచ్చింది. మా బావమరిది సగం దాకా వెళ్ళి పాక్కుంటూ వెనక్కొచ్చాడు.

అద్దాల_రవి
అక్కడ బరువు మోసేది స్టీలే, గాజు కాలి కింద పలక మాత్రమే. ఆ లెక్కన సుబ్బారావు గారి మాట సరే. చైనాలో ఝాంగ్‌జియాజియే వంతెన కూడా అంతే, 430 మీటర్ల పొడవు, కింద 300 మీటర్ల లోయ, మోసేది ఉక్కు తాళ్ళు. 2016 ఆగస్టులో తెరిచి 13 రోజులకే మూసేశారు. గాజు పగిలి కాదు, జనం తాకిడి తట్టుకోలేక.

కానీ "గాజు పనిచేయడం" అనేది మన ఊళ్ళోనే రోజూ చూస్తున్నాం. పెద్ద కార్ల షోరూమ్ ముందు రెండంతస్తుల అద్దం ఉంటుంది కదా, లోపలి వైపు దానికి నిలువుగా గాజు రెక్కలు ఉంటాయి చూడండి. గాలి నెట్టే బరువంతా తీసుకునేది ఆ రెక్కలే. అది స్తంభం చేసే పనే. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్‌లో నార్మన్ ఫోస్టర్ 1975లో చేసిన విల్లిస్ ఫేబర్ ఆఫీసు గోడ ఇలాగే, పైనుంచి పరదాలా వేలాడదీశారు. ఇప్పుడు ఆ పద్ధతి ఎంత మామూలైపోయిందంటే షోరూమ్‌కు వెళ్ళి కారు మైలేజీ అడుగుతాం, రెక్కల వైపు తలెత్తి చూడం.

డెల్ఫ్ట్_నుంచి
నేను ఉండేది నెదర్లాండ్స్. ఆమ్‌స్టర్‌డామ్‌లో పీసీ హూఫ్ట్ వీధిలో గాజు ఇటుకలతో కట్టిన ముంగిలి ఒకటుంది, క్రిస్టల్ హౌసెస్, 2016. పాత ఇటుక ఇంటి రూపాన్నే గాజు ఇటుకల్లో పోతపోశారు. 6,500 పైచిలుకు ఇటుకలు, వెనిస్ దగ్గర చేసి తెచ్చారు. సిమెంటు లేదు. పారదర్శకమైన జిగురు వేసి అతినీలలోహిత కాంతితో గట్టిపరిచారు. జిగురు మందం మిల్లీమీటరులో నాలుగో వంతు. అందుకని ఇటుక ఏమాత్రం వంకర ఉన్నా పై వరస కూర్చోదు.

నాకు నచ్చింది ఇంకోటి. మొదటి వరస లెవెల్ చూడటానికి పాలు వాడారు. మీగడ తీయని చిక్కటి పాలు. నీళ్ళయితే కాంతి అటు నుంచి ఇటు పోతుంది, పాలయితే పైతట్టు తెల్లగా అద్దంలా కనబడుతుంది. పాలు ఎక్కడుంటే అక్కడ లెవెల్.

సున్నం_ఇటుక
మన దగ్గర గృహప్రవేశానికి పాలు పొంగిస్తాం, వాళ్ళు పునాదిలోనే పోసేశారు.

పద్మజ_పులిహోర
మా పాలవాడి పాలతో అయితే లెవెల్ కుదరదు. కాంతి అటు నుంచి ఇటు వచ్చేస్తుంది.

సైట్_సుబ్బారావు
ఇటుకల సంగతి ఒప్పుకుంటా. గోడలో అంతా నొక్కుడే కాబట్టి గాజుకు నప్పుతుంది. పాలు మాత్రం నమ్మలేకపోతున్నా.

ఇల్లినాయి_ఇందిర
షికాగో విల్లిస్ టవర్ 103వ అంతస్తులో గాజు డబ్బాలో నిలబడ్డా, 1,353 అడుగులు. మా అత్తగారు "రామ రామ" అంటూ మా ఆయన చొక్కా చించినంత పని చేశారు. 2014లో ఒక కుటుంబం నిలబడి ఉండగా కాళ్ళ కింద పగుళ్ళు పాకాయని వార్త వచ్చింది గుర్తుందా? పగిలింది అసలు గాజు కాదు, దాని మీద గీతలు పడకుండా వేసిన రక్షణ పూత. ఆ మాట చెప్పేలోపు వాళ్ళకు ప్రాణం పోయి వచ్చి ఉంటుంది.

గోదారి_గట్టు
గాజు గ్లాసు గురించి ఎవరూ మాట్లాడకండి, చర్చ రాజకీయాల్లోకి పోయి మోడరేటర్ తాళం వేస్తాడు.

అద్దాల_రవి
కొత్తిల్లు గారు, గాజే కావాలనుకుంటే ఫాబ్రికేటర్ని ఏం అడగాలో చెబుతా. ల్యామినేటెడ్, అంటే బాబాయ్ చెప్పిన మధ్యలో అంటు పొరలున్న పలకలు, తప్పనిసరి, ఒంటి పలక మాటే వద్దు. పలకలు అన్నీ టఫెన్డ్ అయితే, అన్నీ ఒకేసారి పోయిన రోజున తడిసిన గోనెసంచిలా వాలిపోతుంది. హీట్ స్ట్రెంగ్తెన్డ్, అంటే కాల్చాక టఫెన్డ్ కంటే నెమ్మదిగా చల్లార్చినది, పెద్ద పెద్ద ముక్కలుగా పగిలి పొరను పట్టుకుని కాస్త నిలుస్తుంది. అందుకే రెండూ కలిపి వాడటం మంచిది. అంటు పొర మామూలు పీవీబీ ప్లాస్టిక్ అయితే ఎండకు మెత్తబడుతుంది, మీ మెట్ల పైన స్కైలైట్ ఉండి బెజవాడ మే నెల ఎండ నేరుగా పడితే సెంట్రీగ్లాస్ లాంటి గట్టి రకం అడగండి. గాజు నేరుగా స్టీలుకు తగలకూడదు, మధ్యలో నైలానో గట్టి రబ్బరో ఉండాలి. రంధ్రాలు, అంచు పాలిష్ అన్నీ టఫెన్ చేయకముందే అయిపోవాలి, తర్వాత డ్రిల్ పెట్టారంటే ఆ పలక అక్కడికక్కడే చిప్స్. సేఫ్టీ గ్లాస్‌కు ఉండే భారత ప్రమాణం ఐఎస్ 2553 ముద్ర చూడండి. డిజైన్‌కు ఐఎస్ 16231 ఉంది, స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకం లేకుండా వేయించకండి.

శాంపిల్ తెచ్చినప్పుడు పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకుని పట్టపగలు ఆకాశం వైపు ఏటవాలుగా చూడండి. వేడి చేసి చల్లార్చిన గాజు అయితే చారలో, చిరుతపులి మచ్చలో కనిపిస్తాయి. గాలి కొట్టిన గుర్తులు అవి.

కొత్తిల్లు_కష్టాలు
నాలుగు రోజుల తర్వాత అప్‌డేట్. బావమరిది కళ్ళద్దాలు అరువు తెచ్చి చూశా, మచ్చలు కనిపించాయి. వాడు తెచ్చింది టఫెన్డే, పాపం అబద్ధమాడలేదు. కానీ అంచు మీద గోరు రాస్తే గరుకుగా తగిలింది, ఒక మూల చిన్న పెచ్చు కూడా లేచి ఉంది. "ల్యామినేటెడ్ కావాలయ్యా" అంటే తడుముకోకుండా "దానికేముంది సార్, ఇలాంటివే రెండు తెచ్చి మధ్యలో సిలికాన్ పెట్టి ఇక్కడే అంటించేస్తా" అన్నాడు.

అద్దాల_రవి
అయ్యో రామ. ల్యామినేషన్ అంటే ఫ్యాక్టరీలో ఆటోక్లేవ్‌లో పెట్టి 140 డిగ్రీల వేడి, 12 బార్ల దాకా ఒత్తిడి మీద చేసేది. సిలికాన్ ట్యూబుతో అక్వేరియం అవుతుంది, మెట్టు అవదు.

సున్నం_ఇటుక
చేపలు ఎక్కుతాయేమో కనుక్కోండి.

బీమ్_బాబాయ్
అతన్ని తిట్టకండి. రెయిలింగ్ పని బాగా చేసేవాడే అయి ఉంటాడు, తెలియని పని ఒప్పుకున్నాడంతే. ఇప్పుడు ఏం చేద్దామనుకుంటున్నారు?

కొత్తిల్లు_కష్టాలు
అసలైన ల్యామినేటెడ్‌కు హైదరాబాద్ నుంచి కొటేషన్ తెప్పించా. చూసి మా ఆవిడే కాసేపు మాట్లాడలేదు. చివరికి మెట్లు టేకు పలకలవి, రెయిలింగ్ మాత్రం గాజుది, అదీ ల్యామినేటెడే. పైన ల్యాండింగ్‌లో రెండడుగుల గాజు పలక ఒక్కటి నేలలో ఉంటుంది, మూడు పొరలది, ఇంజనీర్ లెక్క కట్టిచ్చాడు. అది మా ఆవిడ ముచ్చట. నాన్న దాని మీద ఇప్పుడే పట్టా పరిచి చూసుకున్నారు, చాలిందట.

పద్మజ_పులిహోర
మరి సిలిండర్?

కొత్తిల్లు_కష్టాలు
పైన ఇండక్షన్ పెడుతున్నాం. దాని పైన కూడా గాజే అని ఇప్పుడే ఎవరూ గుర్తుచేయకండి.